సుడిగాలి యంత్రానికి కొత్త జ్ఞాపకం

ఇంట్లో కొన్నేళ్ళుగా పనిచేస్తున్న కంప్యూటరు మందగించి, మీట నొక్కిన చాలాసేపటికి గాని పలకని స్థితికి వచ్చినప్పుడు, బాగుచేసేవాని వద్దకు తీసుకుపోతే అతడు సాధారణంగా మొదట చెప్పే మాట "ర్యాము పెంచండి" అన్నది. యంత్రంలో తక్కినదంతా పాతదే. వేలెడు పలకను ఒకదానిని ఊడదీసి, అంతకంటె ఎక్కువ సంగతులు పట్టే పలకను ఆ చోట గుచ్చితే చాలు, పాత యంత్రమే తిరిగి చురుకుగా కదలుతుంది. ఇందులో మనకు వింత ఏమీ తోచదు. కాని అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రంలోని కేంబ్రిడ్జి నగరంలో 1953 వేసవిలో ఒక మహాయంత్రానికి ఇటువంటి మార్పే చేసినప్పుడు, ఒక దేశపు గగనరక్షణ దానిమీద ఆధారపడి ఉన్నది. లక్షలాది డాలర్లు ఖర్చు చేసిన కొందరు యువకుల పరువు కూడ దానిమీదనే ఆధారపడి ఉన్నది.

ఆ యంత్రం పేరు "వర్ల్‌విండ్", అనగా సుడిగాలి. రెండవ ప్రపంచ సంగ్రామం ముగియక పూర్వమే, 1944లో, అమెరికా నావికాదళం వారు ఆ నగరంలోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విద్యాసంస్థను ఒక కోరిక కోరినారు. కొత్తగా నిర్మించదలచిన విమానం గాలిలో ఏ విధంగా ప్రవర్తిస్తుందో, నేలమీద కూర్చున్న వైమానికునికి అనుభవంలోకి తేగల యంత్రం కావలెనన్నది ఆ కోరిక. ఆ పని జే ఫారెస్టరు అనే యువ ఇంజనీరు చేతికి వచ్చినది. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. నెబ్రాస్కా రాష్ట్రంలో పశువులను మేపుకొనే కుటుంబంలో పుట్టి పెరిగినవాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు రాబర్టు ఎవరెట్టు, మరింత చిన్నవాడు.

లెక్కలు చేసే యంత్రాలు ఆ రోజులలో లేకపోలేదు. అయితే వాటికి ప్రశ్న ఇచ్చి, అవి తమ తీరికను బట్టి ఇచ్చే సమాధానం కొరకు కాచుకొని ఉండవలెను. విమానం నడిపేవాని విషయం అది కాదు. అతడు పిడిని వంచిన క్షణంలోనే విమానం వంగవలెను. సమాధానం అరనిమిషం ఆలస్యమైతే అది సమాధానం కానేకాదు. కనుక ఫారెస్టరు బృందం పాతపద్ధతులను విడిచి, సంఖ్యలోని 16 అంకెలనూ ఒకేసారి, ప్రక్కప్రక్కనే నడిపించే యంత్రాన్ని తలపెట్టినది. నావికాదళం వారు అడిగిన విమానపు నమూనా క్రమంగా మరుగున పడినది, యంత్రమే అసలు పని అయినది. వేగమే దానికి ప్రాణం.

ఇక్కడ ఒక చిన్న సంగతిని శ్రోతలు మనసులో ఉంచుకోవలెను. ఈ యంత్రంలో ఒక్కొక్క ఆదేశానికి 16 అంకెల చోటు ఏర్పరచినారు. ఆ అంకె సున్న గాని ఒకటి గాని కావచ్చును. దానినే నేడు మనం బిట్టు అంటున్నాము. అందులో 5 బిట్లు ఏ పని చేయవలెనో చెప్పుతవి. మిగిలిన 11 బిట్లు ఆ పనికి కావలసిన సంఖ్య స్మృతిలోని ఏ గదిలో ఉన్నదో చెప్పుతవి. 11 బిట్లతో 2048 గదులకు చిరునామాలు వ్రాయవచ్చును. అంటే యంత్రాన్ని ఊహించినప్పుడే 2048 గదుల స్మృతికి చోటు ఉంచినారన్నమాట. కాని ఆ గదులను దేనితో కట్టవలెనో లోకంలో ఎవరికీ సరిగా తెలియదు.

గణనయంత్రానికి స్మృతి ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. పెద్ద కూడిక చేసేవాడు చేతిలో మిగిలిన అంకెను ఒక మూల వ్రాసుకొంటాడు కదా! యంత్రానికి అటువంటి మూల లేకపోతే ఎంత వేగంగా లెక్కించినా ప్రయోజనం లేదు. పైగా ఏ పని తరువాత ఏ పని చేయవలెనో చెప్పే ఆదేశాలు కూడ అక్కడనే ఉండవలెను. ఆ రోజులలో దీనికి అనుసరించిన ఉపాయాలు వింతగా ఉంటవి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949 మే నెలలో పని ప్రారంభించిన ఎడ్‌సాక్ యంత్రానికి స్మృతి పాదరసం నింపిన గొట్టాలలో ఉండేది. ఒక చివర శబ్దం పుట్టిస్తే అది పాదరసం గుండా ప్రయాణించి రెండవ చివరకు చేరుతుంది. చేరిన శబ్దాన్ని పట్టి, బలపరచి, తిరిగి మొదటి చివరకు పంపుతారు. ఆ చప్పుళ్ళు తిరుగుతున్నంత కాలం సంఖ్య నిలిచి ఉంటుంది. పలికిన మాట గాలిలో కలిసిపోతుందని ఎరిగిన మా రేడియో వృత్తివారికి, శబ్దాన్నే జ్ఞాపకంగా నిలిపిన ఈ యుక్తి మీద ప్రత్యేకమైన మక్కువ కలుగుట సహజం. అయితే కావలసిన చప్పుడు గొట్టం చివరకు వచ్చేవరకు యంత్రం వేచి ఉండవలెను. సుడిగాలికి అంత ఓర్పు లేదు.

మాంచెస్టరులో విలియమ్సు, కిల్‌బర్ను అనే శాస్త్రజ్ఞులు 1948లో మరియొక మార్గం చూపినారు. టెలివిజనులో ఉండే గాజుబుడ్డి వంటి బుడ్డిలో, తెర మీద విద్యుదావేశపు చుక్కలను పెట్టి, వాటినే బిట్లుగా వాడుకొన్నారు. ఇందులో ఏ చుక్కనైనా తిన్నగా వెళ్ళి తాకవచ్చును, నిరీక్షణ లేదు. ఫారెస్టరు బృందం ఈ జాతికి చెందిన బుడ్డినే తమ అవసరానికి తగినట్లు తామే రూపొందించుకొన్నది. చుక్కలు చెరిగిపోకుండా వాటిమీద ఎడతెగక ఎలక్ట్రానుల జల్లు కురిపించే ఏర్పాటు కూడ అందులో ఉన్నది. ఒక్కొక్క బుడ్డిలో 1024 చుక్కలు నిలపవలెనని సంకల్పం. మొదట నిలిచినవి 256 మాత్రమే.

ఆ బుడ్డీలు సిద్ధమయ్యేలోపల యంత్రాన్ని పరీక్షించడానికి 32 గదుల తాత్కాలికపు స్మృతిని అమర్చుకొన్నారు. అందులో 27 గదులు కేవలం చేతితో పైకీ క్రిందికీ తిప్పే స్విచ్చులు. గదినిండా పరచుకొన్న యంత్రానికి జ్ఞాపకం ఉంచుకొనే శక్తి అంతమాత్రం! 1951 ఏప్రిల్ నాటికి బుడ్డీలతో యంత్రం పనిచేయసాగినది. ఆ సంవత్సరం డిసెంబరు 16వ తేదీన ఎడ్వర్డు మర్రో టెలివిజన్ కార్యక్రమంలో అది ప్రేక్షకుల ముందుకు కూడ వచ్చినది. ఒక రాకెట్టు పయనించే మార్గాన్ని గీతగా చూపి, చివర ఒక క్రిస్మసు పాటను వాయించినది.

బయటివారికి అంతా బాగున్నట్లే కనిపించినది. లోపల పనిచేసేవారికి తెలుసు అసలు సంగతి. ఒక్కొక్క బుడ్డీ తయారుచేయడానికి వెయ్యి డాలర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఖర్చు; దాని ఆయుర్దాయం సుమారు ఒక నెల. ప్రతిదినం 4 గంటలు స్మృతిని చక్కబెట్టుకొనుటకే సరిపోయేది. అంత చేసినా 2 గంటలకు ఒకసారి సగటున ఎక్కడో ఒకచోట జ్ఞాపకం తప్పిపోయేది. యంత్రంలోని సుమారు 5000 వాల్వుల పరిస్థితి ఇంతకంటె మేలు. వాల్వు త్వరగా చెడిపోవడానికి దాని కేథోడులోని సిలికాన్ కలితీ కారణమని కనిపెట్టి ఆ లోపాన్ని తొలగించినారు. బలహీనపడిన వాల్వును అది పూర్తిగా చెడకముందే పట్టుకొనే పరీక్షను కూడ ఏర్పరచినారు. మిగిలిన అంగాలన్నీ బలపడుతున్నకొద్దీ జ్ఞాపకపు బలహీనత మరింత కొట్టవచ్చినట్లు కనిపించసాగినది.

ఇంతలో కాలం మారిపోయినది. ఖర్చు పెరుగుతున్నదే గాని ఫలితం కనిపించడం లేదని నావికాదళంవారు విసిగి, ధనసహాయం తగ్గించే ఆలోచనలో ఉన్నారు. ఆ సమయంలో, 1949 ఆగస్టు 29న, సోవియట్ రష్యా తన మొదటి అణుబాంబును పేల్చినది. అణుబాంబు మోసుకొని ఉత్తరధ్రువం మీదుగా విమానాలు వచ్చిపడితే ఎట్లా అన్న భయం అమెరికాను ఆవరించినది. రాడార్లు చూపగలవు గాని, పదుల రాడార్లు చూపినదానిని మనుష్యులు కాగితం మీద గుర్తులు పెట్టి, టెలిఫోనులో చెప్పి, లెక్కకట్టేలోపల విమానాలు దాటిపోతవి. ఈ సమస్యను విచారించడానికి అమెరికా వైమానికదళం నియమించిన సంఘానికి అధ్యక్షుడైన జార్జి వాలీ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, తన సంస్థలోనే, తన కూతవేటు దూరంలోనే క్షణంలో సమాధానం ఇవ్వగల యంత్రం ఒకటి సిద్ధమవుతున్నదని విని ఫారెస్టరును కలుసుకొన్నాడు. నావికాదళం విడువదలచినదానిని వైమానికదళం చేరదీసినది. విమానపు నమూనాకొరకు పుట్టిన యంత్రం విమానాలను వెంటాడే యంత్రంగా మారినది.

గగనాన్ని కాపలా కాసే యంత్రం రోజుకు 4 గంటలు సెలవు తీసుకొంటే? శత్రువు ఆ 4 గంటలను తప్పించి వస్తాడా? ఫారెస్టరును కలవరపెట్టిన ప్రశ్న ఇదే.

ఆయన చాలకాలంగా మరొక ఆలోచనలో ఉన్నాడు. బిట్లను ఒక వరుసలో పెడితే వెదకుట ఆలస్యం. ఒక తలం మీద పరిస్తే బుడ్డీలవంటి చిక్కులు. మూడు దిక్కులలోను పేర్చి, అడ్డంగా ఒక తీగ, నిలువుగా ఒక తీగ ఎక్కడ కలిస్తే అక్కడి బిట్టును మాత్రం తాకగలిగితే? 1947లో వాయువు నింపిన దీపాలతో ఇది సాధ్యమా అని ప్రయత్నించి విడిచిపెట్టినాడు. 1949 వసంతంలో ఒక ఇంజనీరింగు పత్రికను తిరగవేస్తూ ఉండగా ప్రకటన ఒకటి కంటబడినది. డెల్టామాక్సు అనే అయస్కాంత లోహాన్ని గురించిన ప్రకటన అది. ప్రకటనలను విసుక్కొంటూ పుటలు తిప్పేవారమే అందరమూ. ఈ ప్రకటన మాత్రం చూడవలసినవాని కంట పడినది. ఆ సాయంకాలాలలో వీధులవెంట నడుస్తూ ఈ విషయాన్నే ఆలోచించినట్లు ఆయన తరువాతి రోజులలో చెప్పుకొన్నాడు. జూన్ 13వ తేదీన తన పుస్తకంలో ఆ ఊహను వ్రాసిపెట్టుకొన్నాడు.

ఆ ఊహ ఇది. ఇనుము సంబంధమైన చిన్న కడియాన్ని తీసుకొని దాని నడుమనుండి తీగను పోనిచ్చి విద్యుత్తు ప్రవహింపజేస్తే, కడియం ఒక దిశలో అయస్కాంతం అవుతుంది. విద్యుత్తును ఎదురుదిశలో పంపితే అయస్కాంతపు దిశ కూడ మారుతుంది. ఒక దిశను ఒకటిగా, రెండవదానిని సున్నగా భావిస్తే అదే ఒక బిట్టు. విద్యుత్తు ఆపినా కడియం తన దిశను మరువదు. కొన్ని పదార్థాలకు ఒక మొండితనం ఉన్నది. కావలసినంత విద్యుత్తు ఇస్తే పూర్తిగా తిరుగుతవి. సగమే ఇస్తే కదలనే కదలవు. డెల్టామాక్సుకు ఆ మొండితనం ఉన్నది. ఇప్పుడు పడుగూ పేకా వలె అడ్డంగా 32, నిలువుగా 32 తీగలను పరచి, అవి కలిసే ప్రతిచోట ఒక కడియాన్ని పూసవలె గుచ్చినామనుకొందాము. మొత్తం 1024 పూసలు. ఒక అడ్డుతీగలో సగం, ఒక నిలువుతీగలో సగం విద్యుత్తు పంపితే, ఆ తీగలమీది పూసలన్నిటికీ సగమే అందుతుంది, అవి కదలవు. రెండు తీగలు కలిసిన చోటున్న పూస ఒక్కటే పూర్తి బలం పొంది తిరుగుతుంది. 1024 పూసలకు 1024 తీగలు అక్కరలేదు, 64 తీగలతో ఏ పూసనైనా పిలువవచ్చును. మొండితనమే గుణంగా పనికివచ్చిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

చదవడంలో మాత్రం ఒక చిక్కు ఉన్నది. పూసలో ఏమున్నదో తెలుసుకోవలెనంటే దానిని సున్నవైపుకు తిప్పి చూడవలెను. అది తిరిగితే, పూసలన్నిటిగుండా పోయే మరొక తీగలో చిన్న అదటు పుట్టుతుంది, అప్పుడు అందులో ఒకటి ఉన్నదని తెలుస్తుంది. కాని చదివినంతలో అది చెరిగిపోయినది కనుక వెంటనే తిరిగి వ్రాయవలెను. ఈ పనికి ఇంకొక తీగ. వెరసి వెంట్రుకవంటి నాలుగు తీగలు ఆ చిన్న రంధ్రంగుండా పోవలెను.

ఊహ వేరు, వస్తువు వేరు. ఈ పనిని పరీక్షించే బాధ్యతను ఫారెస్టరు విలియం పేపియను అనే విద్యార్థికి అప్పగించినాడు. 1950లో నాలుగు పూసల చిన్న చట్రం పనిచేసినది. అయితే లోహపు కడియాలు తిరిగే వేగం చాలలేదు. అప్పుడు వారి దృష్టి ఫెర్రైటు మీద పడినది. ఫెర్రైటు అనగా ఇనుపభస్మం, ఇతర లోహభస్మాలు కలిపి, ముద్దచేసి, అచ్చుపోసి, ఆవములో కాల్చిన పదార్థం. ఒక విధంగా కుమ్మరిపని. మీ ఇంట పాత ట్రాన్సిస్టరు రేడియో ఉంటే, దాని వెనుకమూత తీసి చూడండి. సన్నని రాగితీగ చుట్టిన నల్లని కడ్డీ కనిపిస్తుంది. మీడియంవేవ్ కేంద్రాలను అందుకొనేది అదే. అది ఫెర్రైటే. కాని రేడియోలోని ఫెర్రైటు మెత్తని స్వభావం కలది, ఎటు తిప్పితే అటు తిరిగి వెంటనే మరచిపోతుంది. స్మృతికి కావలసినది మరువని ఫెర్రైటు. న్యూజెర్సీలోని జనరల్ సిరామిక్సు సంస్థ సహకారంతో, పాళ్ళు మార్చి మార్చి, అటువంటి పూసలను సంపాదించినారు. 1952లో ఆ పింగాణీ పూసలతో 256 గళ్ళ చట్రం తృప్తికరంగా పనిచేసినది.

అయినా నడుస్తున్న మహాయంత్రంలో దీనిని తెచ్చి పెట్టుటకు వెనుకాడినారు. పరీక్షించి చూచుటకై వేరొక చిన్న యంత్రాన్ని నిర్మించవలెనని నిర్ణయమైనది. దానిని నిర్మించే పని కెన్ ఓల్సన్ అనే యువకునిది. ఆ తరువాత 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థను స్థాపించి ప్రఖ్యాతి పొందినది ఈయనే. పరీక్షయంత్రంలో పూసల స్మృతి అంత నిలకడగా పనిచేసినది కనుక, పరీక్షను ఇంకా సాగదీయుట వ్యర్థమని తోచినది. బుడ్డీలతో సతమతమవుతున్న పెద్దయంత్రం ప్రక్కనే ఉన్నది. చిన్నయంత్రంనుండి స్మృతిని ఊడదీసి, 1953 ఆగస్టు 8వ తేదీన సుడిగాలికి తగిలించినారు. సెప్టెంబరు 5న రెండవ అరను కూడ జతచేసినారు. ఒక్కొక్క అరలో 1024 గదులు; రెండూ కలిసి 2048. ఏండ్లక్రితం ఆదేశాల రూపం నిర్ణయించినప్పుడు ఖాళీగా ఉంచిన గదులు ఏవో, సరిగ్గా అవే నిండినవి. చిరునామా మార్చవలసిన పని లేకపోయినది.

ఫలితం ఏమైనదో అంకెలే చెప్పుతవి. స్మృతినుండి ఒక సంఖ్యను తెచ్చుకొనుటకు అంతకుపూర్వం 25 మైక్రోసెకండ్లు పట్టేది. ఇప్పుడు 9 చాలినవి. మైక్రోసెకండనగా సెకండులో పదిలక్షలవ వంతు. యంత్రం మొత్తంమీద వేగం రెట్టింపు అయినది. బయటినుండి వచ్చే సమాచారాన్ని స్వీకరించే శక్తి నాలుగురెట్లు అయినది. స్మృతిని చక్కబెట్టడానికి రోజుకు 4 గంటలు పట్టేది వారానికి 2 గంటలకు తగ్గినది. 2 గంటలకొకసారి తప్పే జ్ఞాపకం 2 వారాలకొకసారి తప్పసాగినది. నా మట్టుకు వేగం రెట్టింపైనదన్నదానికంటె ఈ చివరి అంకెలే పెద్దవిగా తోస్తవి. వేగం ఎంత ఉన్నా నమ్మలేని యంత్రాన్ని ఎవరు కాపలాకు పెడతారు? లెక్కించే అంగంలో మార్పు ఏమీ చేయలేదు. అదే వాల్వులు, అవే తీగలు. అంతకాలమూ అది తన శక్తికి తగినంతగా పనిచేయలేకపోయినదని, దానిని నిలిపి ఉంచినది జ్ఞాపకమేనని అప్పుడు గాని అందరికీ తెలియలేదు.

పూసల స్మృతిని పొందిన మొట్టమొదటి యంత్రం సుడిగాలియే అని వ్రాసేవారు కలరు. అది పూర్తిగా సరికాదు. 1946లోనే లోకానికి ప్రకటితమైన ఎనియాక్ అనే వృద్ధయంత్రానికి 20 సంఖ్యలు మాత్రమే గుర్తుండేవి. దానికి బరోసు సంస్థవారు 1953 జూలైలో 100 సంఖ్యలు పట్టే అయస్కాంత స్మృతిని తగిలించినారు. పాత యంత్రానికి జ్ఞాపకం పెంచుటలో అది సుడిగాలికంటె కొద్దివారాలు ముందే. కాని ఎనియాక్ అప్పటికే చివరిరోజులలో ఉన్నది, 1955 అక్టోబరులో దానిని ఆపివేసినారు. దారి చూపినది మాత్రం సుడిగాలియే.

దారి ఎవరిదన్న వివాదం రాకుండా ఎట్లా ఉంటుంది? హార్వర్డులో పనిచేసిన ఆన్ వాంగ్ అనే చైనా శాస్త్రజ్ఞుడు, ఆర్.సి.ఎ. సంస్థకు చెందిన జాన్ రాక్‌మను, లాస్ ఏంజిలిస్ నగరంలో కాలిబాటలను తనిఖీచేసే ఉద్యోగం చేసుకొంటూ ఇంట ప్రయోగాలు సాగించిన ఫ్రెడరిక్ వీహీ, వీరందరూ ఇంచుమించు అదేకాలంలో అయస్కాంత స్మృతిమీద హక్కుపత్రాలు కోరినారు. ఫారెస్టరు 1951 మేలో దరఖాస్తు పెట్టగా 1956లో హక్కుపత్రం లభించినది. ఆపైన ఏండ్లతరబడి న్యాయవివాదం. చివరకు 1964లో ఐ.బి.ఎం. సంస్థ ఎం.ఐ.టి.కి 1 కోటి 30 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడినది. ఇది పనికివస్తుందని పరిశ్రమవారిని నమ్మించడానికి ఏడేళ్ళు పట్టినదని, ఇది అందరికంటె ముందు వారికే తట్టలేదని నమ్మించడానికి న్యాయస్థానాలలో మరియొక ఏడేళ్ళు పట్టినదని ఫారెస్టరు పరిహాసంగా చెప్పేవాడు.

హక్కులు పంచుకొన్నవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. పూసలు గుచ్చినవారి పేర్లు నిలువలేదు. భూతద్దాల క్రింద, సూదులతో, ఒక్కొక్క రంధ్రంగుండా సన్నతీగలను పోనిచ్చినవారిలో చాలమంది స్త్రీలు. కొంతవరకు యంత్రాలు వచ్చినా చేతిపని పూర్తిగా తప్పలేదు. ఒక్క పూస చిట్లితే, ఒక్క తీగ తెగితే చట్రమంతా వ్యర్థం. నేతపనిలో, పూసలపనిలో తరతరాలుగా స్త్రీలు చూపిన నేర్పే లేకపోతే ఆ దశాబ్దపు యంత్రాలకు జ్ఞాపకమే లేదని చెప్పుట అతిశయోక్తి కాదు. ఆరంభంలో బిట్టుకు ఒక డాలరు వరకు ఉన్న ధర క్రమంగా ఒక సెంటు వరకు దిగివచ్చుటలో వారి శ్రమకు గల భాగాన్ని ఎవరూ లెక్కకట్టలేదు.

గగనరక్షణకై "సేజ్" అనే పేరుతో అమెరికా నిర్మించిన మహావ్యవస్థకు పూసల స్మృతినే వాడినారు. ఆ యంత్రాలను చేసే పని ఐ.బి.ఎం. సంస్థకు దక్కినది. అక్కడ నేర్చినదానిని వారు వ్యాపార యంత్రాలలో ప్రవేశపెట్టినారు. యుద్ధభయం కొరకు పుట్టిన వస్తువు జీతాల లెక్కలకు, రైలుటిక్కెట్లకు, వాతావరణ గణనలకు పనికివచ్చినది.

మనదేశానికి కూడ ఈ పూసలు త్వరలోనే చేరినవి. బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ గారి నాయకత్వాన స్వదేశంలోనే నిర్మించిన టిఫ్రాక్ యంత్రం 1960లో పని ప్రారంభించినది. ఆ పేరును 1962లో జవహర్‌లాల్ నెహ్రూ గారు పెట్టినారు. దాని స్మృతి ఫెర్రైటు పూసలదే; అందులోని గదులు కూడ 2048. అయితే ఒక్కొక్క గదిలో 16కు బదులు 40 బిట్లు. తరువాత హైదరాబాదులో 1967లో నెలకొల్పిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, 1969లో వెలువరించిన టి.డి.సి. 12 కూడ ఈ పూసల స్మృతితోనే పనిచేసినది. తెలుగునాట తయారైన కంప్యూటరుకు మొదటి జ్ఞాపకం ఈ విధంగా ఆవములో కాల్చిన నల్లని కడియాలలో ఉండేదన్నమాట.

జ్ఞాపకాన్ని పెంచుటే గాక తగ్గించిన కథ కూడ ఒకటి ఉన్నది. 65,536 గదుల పెద్దస్మృతిని పరీక్షించుటకై 1956లో ఎం.ఐ.టి.కి చెందిన లింకన్ ప్రయోగశాలవారు టి.ఎక్స్. సున్న అనే యంత్రాన్ని కట్టినారు. పరీక్ష ముగియగానే ఆ స్మృతిని ఊడదీసి తరువాతి యంత్రానికి ఇచ్చివేసినారు. పాపం, దానికి 4096 గదులు మాత్రం మిగిల్చి విద్యార్థులకు అప్పగించినారు. ఆ కొద్దిచోటులోనే ఇమిడే ఆదేశాలను వ్రాయుటకు విద్యార్థులు రాత్రులు మేలుకొని పోటీపడినారు. ఇరుకుగదిలో కాపురం నేర్పే పొదుపు వంటిది అది.

1970లో ఇంటెల్ సంస్థ 1103 అనే సిలికాన్ స్మృతిని విడుదల చేసినది. ఆ దశాబ్దంలోనే పూసల కాలం చెల్లిపోయినది. నేటి ర్యాము పలకలో ఉన్నది ఆ సిలికాన్ సంతతే. చదివినప్పుడల్లా చెరిగి, తిరిగి వ్రాయవలసి వచ్చే గుణం దీనికి కూడ ఉన్నది. విద్యుత్తు ఆగితే మాత్రం ఇది సమస్తమూ మరచిపోతుంది; పూసలు మరచేవి కావు. పూసకు ఇంగ్లీషులో ఉన్న పేరు కోర్. ఈనాటికీ ప్రోగ్రాములు వ్రాసేవారు స్మృతిలోని సరుకునంతా ఒకచోట కుమ్మరించి చూచుటను "కోర్ డంప్" అనే అంటారు. వారిలో పూసను కంటితో చూచినవారు ఇప్పుడు అరుదు.

సుడిగాలి 1959 జూన్ వరకు ఎం.ఐ.టి. ఆధీనంలో పనిచేసినది. ఆ తరువాత, పూర్వం ఆ యంత్రంతో పనిచేసిన ఇంజనీరు ఒకరు దానిని సంవత్సరానికి ఒక డాలరు అద్దెకు తీసుకొని మరికొన్నేళ్ళు నడిపినారు. 1970ల ఆరంభంలో దానిని తునకలుగా విడదీసి అమ్మివేయబోతున్న తరుణంలో ఓల్సన్, ఎవరెట్టు కలుగజేసుకొని మిగిలిన భాగాలను రక్షించినారు. ఫారెస్టరు 2016లోను, ఎవరెట్టు 2018లోను కాలధర్మం చెందినారు. ఆ పూసల చట్రాలలో కొన్ని నేడు కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నవి.